పాలు విరిగినది ఎక్కడ? ఒక పనికి పటము గీయు పద్ధతి

తెల్లవారుజామున ఇల్లాలు పాలపొట్లము కత్తిరించి, గిన్నెలో పోసి, పొయ్యిమీద పెట్టును. పొంగు రావలసిన వేళకు పొంగు రాదు. గిన్నెలో తెల్లని తుంపులు ఒకవైపు, పచ్చని పలుచనీరు ఒకవైపు తేలును. పాలు విరిగినవి. పక్కగదిలో పసిబిడ్డ ఆకలికి ఏడ్చుచుండును.

పాలబూతు యజమానిని అడిగినచో, డెయిరీనుండి వచ్చినవి వచ్చినట్లే అమ్మితిననును. డెయిరీవారు పాలను వేడిచేసిన యంత్రపు ఉష్ణోగ్రతల పట్టిక తీసి చూపుదురు. అందులో తప్పు కనబడదు. ట్యాంకరు డ్రైవరు వేళకే చేర్చినాడు. పల్లెలోని పాలకేంద్రమువారు తమవద్ద పోసినపుడు పాలు బాగుగనే యున్నవందురు. పాడిరైతు ఉదయము పితికిన పాలను ఉదయమే పోసినాడు. వీరిలో ఎవరి మాటా అబద్ధము కాదు. అయినను పాలు విరిగినవి.

పలువురి చేతులమీదుగా సాగు ప్రతి పనిలోను ఇటువంటి చిక్కు వచ్చును. ఎవరికి వారికి తమ చేతిలోని ముక్క బాగుగ తెలియును. ఆ ముక్క తమకు ఏ స్థితిలో చేరినదో, తమ చేతిని విడిచిన పిమ్మట ఏమైనదో తెలియదు. ఈ ముక్కలన్నిటిని ఒకే కాగితముమీద పక్కపక్కన చూపుటకు పరిశ్రమలలో ఒక చిన్న సాధనము వాడుకలో నున్నది. దానిని గీయుటకు గణితము అక్కరలేదు. ఒక పెన్సిలు, స్కేలు చాలును. కాని దానిని సరిగా నింపుట అంత సులభము కాదు.

ఐదు వరుసల పటము

కాగితముమీద నాలుగు నిలువుగీతలు గీసినచో ఐదు వరుసలు ఏర్పడును. ఎడమనుండి కుడికి వాటిని ఇచ్చువారు, వచ్చునవి, జరుగునది, పోవునవి, పుచ్చుకొనువారు అని పిలువవచ్చును. పనికి కావలసిన సరకును, సమాచారమును అందజేయువారందరును మొదటి వరుసలో నుందురు. వారు అందజేయునవి రెండవ వరుసలో నుండును. నడిమి వరుసలో అసలు పని ఐదారు మెట్లుగా వ్రాయబడును. ఆ పనివలన తయారైనవి నాలుగవ వరుసలోను, వాటిని అందుకొనువారు ఐదవ వరుసలోను చేరుదురు. సరఫరాదారునినుండి వినియోగదారుని వరకుగల ఈ ఐదింటి ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరములను కలిపి, కర్మాగారములవారు దీనిని 'సైపాక్' అని పిలుతురు.

పనిని బొమ్మగా గీసి పరిశీలించు అలవాటు ఈ పటముకంటె పాతది. అమెరికా దేశమునకు చెందిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో ఆ దేశపు మెకానికల్ ఇంజనీర్ల సంఘము ఎదుట 'ప్రక్రియా పటము'లను వివరించిరి. వారి దృష్టి ముఖ్యముగా పని లోపల ఏమి జరుగునన్న దానిమీద నుండెను. పనికి ముందున్నవారిని, వెనుకనున్నవారిని కూడ ఒకే బొమ్మలోనికి తెచ్చి ప్రసిద్ధి కెక్కించినవాడు డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ అను అమెరికా గణాంకశాస్త్రవేత్త. 1950 ఆగస్టులో జపానులోని హకోనే కొండలమీద పరిశ్రమల అధిపతుల సమావేశమొకటి జరిగినది. యుద్ధములో చితికిపోయిన దేశము అది. సరకులకు మంచి పేరు లేదు. ఆ సమావేశములో డెమింగ్ ఒక పటము గీసి చూపెను. ఎడమవైపున సామగ్రి నిచ్చువారు, నడుమ కర్మాగారములోని పనులు, కుడివైపున వినియోగదారులు. అంతటితో ఆగక, వినియోగదారునినుండి బయలుదేరి, అతని అవసరముల పరిశీలనమీదుగా వస్తువు రూపకల్పనకు మరలివచ్చు గీత నొకదానిని కూడ అతడు చేర్చెను. పటమంతటిలోను విలువైన గీత అదే యని చెప్పవచ్చును.

జపానులో ఈ ఆలోచనను ముందుకు నడిపినవారిలో కావోరు ఇషికావా (1915-1989) ముఖ్యుడు. ఒక పనిలో తరువాతి మెట్టున నిలిచినవాడే ముందుమెట్టువానికి వినియోగదారుడని అతడు బోధించెను. దీనిప్రకారము అంగడిలో డబ్బిచ్చి కొనువాడొక్కడే వినియోగదారుడు కాడు. నేతగానికి నూలు అందించు వడుకువానికి ఆ నేతగాడును వినియోగదారుడే. 1980 తరువాత నాణ్యతా ఉద్యమము అమెరికాలో బలపడినపుడు ఐదు వరుసల పటము వాడుకలోనికి వచ్చినది. ఆ పిమ్మట 'సిక్స్ సిగ్మా' అను పద్ధతిలో, సమస్యను నిర్వచించు తొలి దశలో దీనికి స్థిరమైన స్థానము ఏర్పడినది.

ఖేడా జిల్లా పాలు

పటము ఉపయోగమును పరీక్షించుటకు పాలవంటి సరకు మరియొకటి లేదు. ఇనుపకమ్మీ గోదాములో నెలరోజులు పడియున్నను ఇనుపకమ్మియే. పాలు అట్లు కాదు. పొదుగును విడిచిన క్షణమునుండి వాటికి గడువు మొదలగును.

1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు పాలు సరఫరా చేయు పథకము నొకదానిని ప్రారంభించెను. పాలు గుజరాతులోని ఖేడా జిల్లానుండి రావలెను. అక్కడి ఆనంద్ పట్టణమునకు, బొంబాయికి నడుమ రైలుదారి 400 కిలోమీటర్లకు పైన. పల్లెలలో పాలు సేకరించి, వేడిచేసి, చల్లార్చి పంపు పని పోల్సన్ అను ప్రైవేటు కంపెనీ చేతిలో నుండెను. ఆనాటి ఏర్పాటును ఐదు వరుసలలో పెట్టి చూచినచో, ఇచ్చువారి వరుసలో ప్రభుత్వమునకు కనబడునది ఆ కంపెనీ ఒక్కటే. దాని వెనుక దళారులు, దళారుల వెనుక ఒకటి రెండు గేదెల పాడిరైతులు ఉండిరి. వారు పటములో లేరు. నగరమువారు ఇచ్చు ధరలో తమ వంతు తమకు చేరుటలేదన్నది రైతుల ఆరోపణ.

1946 జనవరిలో సమర్ఖా గ్రామములో రైతులు సమావేశమై, తమ సహకార సంఘముద్వారా తప్ప పాలు అమ్మరాదని నిర్ణయించిరి. సుమారు 15 దినములు బొంబాయికి ఆనంద్ పాలు పోలేదు. పటమున కనబడనివారు చేయి ముడిచినపుడు పటమంతయు ఆగిపోయినది. ఆ సంవత్సరము డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘము రిజిస్టరు అయినది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి నాయకత్వము వహించెను. తరువాతి కాలములో అమూల్ అను పేర దేశమంతట ప్రసిద్ధమైనది ఈ సంఘమే. 1949లో ఆనంద్‌కు వచ్చిన వర్గీస్ కురియన్ దాని నిర్వాహకుడాయెను.

సంఘము ఏర్పడినంతమాత్రమున చిక్కులు తీరలేదు. రెండవ చిక్కు ఋతువులది. శీతకాలములో గేదెలు వేసవిలో ఇచ్చు పాలకు ఇంచుమించు రెట్టింపు ఇచ్చును. నగరములో టీ తాగువారు మాత్రము శీతకాలమున రెట్టింపు టీ తాగరు. ఇచ్చువారి లెక్క ఋతువునుబట్టి మారుచుండగా, పుచ్చుకొనువారి లెక్క ఏడాది పొడవున ఒక్కటే. మిగులు పాలను బొంబాయి కొనజాలదు. గేదెను పాలివ్వవద్దని చెప్పుట ఎవరి తరమును కాదు.

పాలను పొడిగా మార్చి నిలువచేయుట దీనికి మార్గము. పాలపొడి అప్పటికే పాశ్చాత్య దేశములలో తయారగుచుండెను. కాని అది ఆవుపాలది. కొవ్వు ఎక్కువగానుండు గేదెపాలను పొడిచేయుట సాధ్యము కాదని విదేశీ నిపుణులు పలువురు అభిప్రాయపడిరి. ఆనంద్‌లో పనిచేయుచుండిన డెయిరీ ఇంజనీరు హెచ్. ఎమ్. దలాయా సాధ్యమేనని ప్రయోగము చేసి చూపెను. పాలను మొదట తక్కువ పీడనములో మరిగించి చిక్కబరతురు. పిమ్మట వేడిగాలి నిండిన పెద్దగదిలోనికి సన్నని తుంపరగా చిమ్ముదురు. తుంపరలోని నీరు క్షణములో ఆవిరియై, పొడి క్రిందికి రాలును. 1955 అక్టోబరు 31న జవహర్‌లాల్ నెహ్రూ ఆనంద్‌లో ఈ కర్మాగారమును ప్రారంభించెను.

దీనివలన పటములో వచ్చిన మార్పు గమనింపదగినది. 'పోవునవి' వరుసలో పాలపొడి అను క్రొత్త సరకు చేరినది. వేసవిలో పాలు తగ్గినపుడు అదే పొడిని నీటితో కలిపి వాడుకొనవచ్చును గనుక, అది 'వచ్చునవి' వరుసలోను చేరినది. ఒక ఋతువులో బయటికి పోయినది మరియొక ఋతువులో లోనికి వచ్చును.

కుడినుండి ఎడమకు

పటమును ఏ వైపునుండి నింపవలెను? చదువు అలవాటునుబట్టి చాలమంది ఎడమనుండి మొదలుపెట్టుదురు. మొదట నడిమి వరుసను వ్రాసికొని, తరువాత రెండువైపులకు పోవలెనని కొన్ని పుస్తకములు చెప్పును. ఎడమనుండి బయలుదేరినవాడు ఉన్నదానితో ఏమి చేయవచ్చునని ఆలోచించును. కుడినుండి బయలుదేరినవాడు కావలసినదానికి ఏమి ఉండవలెనని ఆలోచించును. రెండవదే మేలు. విరిగిన పాల సంగతి కుడినుండి వచ్చినప్పుడే తెలియును.

పుచ్చుకొనువారు ఎవరు? పసిబిడ్డ తల్లికి పాలు సురక్షితముగా నుండవలెను, విరుగరాదు. టీకొట్టు యజమానికి చిక్కదనము, రంగు కావలెను. మిఠాయి దుకాణమువానికి కోవా ఎక్కువ రావలెను. 'మంచి పాలు' అని ముగ్గురు అనినను ముగ్గురి భావము ఒకటి కాదు. కనుక మాటలను అంకెలుగా మార్చుకొనవలసియుండును. మన దేశపు ఆహార ప్రమాణముల ప్రకారము టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతము, కొవ్వు కాని ఘనపదార్థములు 8.5 శాతము తగ్గరాదు. డబుల్ టోన్డ్ పాలలో ఇవి 1.5, 9 శాతములు. ఫుల్ క్రీమ్ పాలలో 6, 9 శాతములు. 'చిక్కగా' అన్న మాట ఈ విధముగా కొలువదగినదగును.

ఇక 'పోవునవి'. పాలపొట్లములు మాత్రమే వ్రాసి ఊరకుండుట సాధారణముగా జరుగు పొరపాటు. ఇక్కడ విద్యార్థులు ఎరిగిన ద్రవ్యనిత్యత్వ నియమము సాయపడును. 6 శాతము కొవ్వుగల గేదెపాలు 1,000 కిలోగ్రాములు లోనికి వచ్చినవనుకొనవచ్చును. వాటిలో కొవ్వు 60 కిలోగ్రాములు. ఈ పాలనుండి 40 శాతము కొవ్వుగల మీగడను తీసి, మిగిలినదానిని 3 శాతమునకు దింపవలెనన్నచో ఎంత మీగడ తీయవలెను? లెక్కించిన సుమారు 81 కిలోగ్రాములు వచ్చును. మీగడలో కొవ్వు సుమారు 32.4 కిలోగ్రాములు, మిగిలిన 919 కిలోగ్రాముల పాలలో 27.6 కిలోగ్రాములు, మొత్తము 60. కర్మాగారపు లెక్కలలో ఈ మొత్తము 60కి బాగా తగ్గినచో, ఆ కొవ్వు గొట్టములు కడిగిన నీటిలో పోయినదో, కొలతలో తప్పు జరిగినదో విచారింపవలెను. ఆ కడుగునీరు కూడ 'పోవునవి' వరుసలోనిదే. దానిని పుచ్చుకొను కాలువ, కాలువ ఒడ్డున నివసించువారు ఐదవ వరుసలోనివారే. వారు బిల్లు చెల్లింపరు గనుక వారిని మరచుట జరుగుచుండును.

పాడిరైతుకు చేరు డబ్బు, కొవ్వుశాతము వ్రాసిన చీటి కూడ బయటికి పోవునవే. ఇచ్చువాడైన రైతు ఈ చీటి విషయములో పుచ్చుకొనువాడు. చీటిలోని అంకె తప్పైనచో అతని కూలి తప్పగును. అందుకే ఖేడా సంఘములో పాలు పోసిన పూటనే పల్లెలోనే కొవ్వు పరీక్షించి, దానినిబట్టి ధర కట్టు ఏర్పాటు నెలకొన్నది. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు గెర్బర్ పేర ప్రసిద్ధమైన పరీక్ష దీనికి ఆధారము. గాజుగొట్టములో గంధకికామ్లము, పాలు, కొంచెము అమైల్ ఆల్కహాలు పోసి, వేగముగా గుండ్రముగ త్రిప్పినచో, ఆమ్లము మాంసకృత్తులను కరగించును, కొవ్వు పైకి తేలును. గొట్టముమీది గీతలనుబట్టి శాతము చదువవచ్చును. చాలచోట్ల యంత్రములు ఈ పనిని ఇపుడు నిమిషములోపల చేయుచున్నవి.

లాక్టోమీటరు ఒక్కటి చాలదా యని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. లాక్టోమీటరు కొలుచునది సాంద్రతను. పాలలో నీరు కలిపినచో సాంద్రత తగ్గును. కొవ్వు నీటికంటె తేలిక గనుక, మీగడ తీసినచో సాంద్రత పెరుగును. మీగడ తీసి తగుపాటి నీరు కలిపినవాడు లాక్టోమీటరును సులభముగా మోసగించగలడు. కనుక లోనికి వచ్చు పాలకు రెండు కొలతలును కావలెను. 'వచ్చునవి' వరుసలో 'పాలు' అని వ్రాసిన చాలదు. ఎంత కొవ్వు, ఎంత సాంద్రత, ఎంత ఆమ్లత, ఎంత వేడి అన్నది పక్కన ఉన్నప్పుడే ఆ వరుసకు అర్థము.

ఆ వరుసలో విద్యుత్తు, ఆవిరి, చల్లనినీరు, సోడా, ప్లాస్టిక్ పొర కూడ చేరును. వీటితోపాటు రేపటికి ఎన్ని పొట్లములు కావలెనని బూతులనుండి వచ్చు ఇండెంటు కూడ లోనికి వచ్చునదే. దానిని ఇచ్చువారు ఐదవ వరుసలోని మనుషులే. వారు ఒకటవ వరుసలో మరల కనబడుదురు. పటము గీసినవారు మొదటిసారి దీనిని చూచి తప్పు చేసితిమని తుడిచివేయుట కలదు. అది తప్పు కాదు.

నడిమి వరుస

'జరుగునది' వరుసలో విభాగముల పేర్లు వ్రాయుట తగదు. 'పరీక్షాశాల', 'ప్యాకింగు గది' అన్నచో అక్కడ ఏమి జరుగునో తెలియదు. క్రియలు వ్రాయవలెను: పాలు కొలుచుట, చల్లబరచుట, చేరవేయుట, కొవ్వు సరిచేయుట, వేడిచేసి చల్లార్చుట, పొట్లములు కట్టుట. ఐదునుండి ఏడు మెట్లు చాలును. ముప్పది మెట్లు వ్రాసినచో అడవిలో చెట్లు లెక్కించినట్లగును.

ఈ మెట్లలో అందరికి తెలిసినది వేడిచేయుట. 63 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 30 నిమిషములు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు గాని ఉంచి, వెంటనే చల్లార్చినచో, పాలలోని వ్యాధికారక క్రిములు నశించును. దీనికే లూయీ పాశ్చర్ పేరనుబట్టి పాశ్చరీకరణమని పేరు. పాలలో ఫాస్ఫటేజ్ అను ఎంజైము సహజముగా నుండును. ఆ క్రిములు నశించుటకు చాలిన వేడి తగిలినప్పుడే అది కూడ నశించును. కనుక పొట్లములోని పాలలో ఫాస్ఫటేజ్ మిగిలియున్నచో, యంత్రపు పట్టికలో ఏ అంకె వ్రాసియున్నను, పాలు సరిగా వేడెక్కలేదని గాని, పచ్చిపాలు కలిసినవని గాని తెలిసిపోవును.

మన ఇల్లాలి గిన్నెకు మరల రావచ్చును. డెయిరీవారు ఫాస్ఫటేజ్ పరీక్ష చేసిరి. అది సరిగనే యున్నది. యంత్రము తప్పు లేదు. అయినచో పాలు ఎందుకు విరిగినవి?

పాలలోని ప్రధానమైన మాంసకృత్తు కేసిన్. అది మిక్కిలి చిన్న ఉండలుగా పాలలో తేలుచుండును. ఉండలమీద ఋణ విద్యుదావేశముండుటచేత అవి ఒకదానినొకటి తోసికొనుచు విడివిడిగా నుండును. క్రిములు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. ఆమ్లము పెరిగినకొలది ఆ ఆవేశము తరిగి, ఉండలు ఒకదానికొకటి అంటుకొనును. పెరుగు తోడుకొనుటయు ఇదే. చల్లని పాలు గడ్డకట్టుటకు పి.హెచ్. విలువ 4.6 దరిదాపునకు దిగవలెను. కాని కాచునపుడు అంతకంటె ఎంతో తక్కువ ఆమ్లముతోనే విరుగును. అందుచేత చేతిలో చల్లగా బాగుగ కనబడిన పాలు పొయ్యిమీద విరుగును.

పాశ్చరీకరణము క్రిములను చంపును గాని, అవి అప్పటికే తయారుచేసిన ఆమ్లమును వెనుకకు తీసికొనదు. కాబట్టి ఆమ్లము యంత్రమునకు ముందే పుట్టినదేమో చూడవలెను. పటములో ఎడమకు ఇంకొక అడుగు వేయుట అవసరము.

పితికిన వెచ్చని పాలలో క్రిములు అర్ధగంటకొకసారి రెట్టింపగుననుకొనవచ్చును. నాలుగు గంటలలో ఎనిమిదిసార్లు రెట్టింపగును. అనగా 256 రెట్లు. ఎనిమిది గంటలైనచో 65,536 రెట్లు. అదే పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చినచో ఈ పెరుగుదల దాదాపు నిలిచిపోవును. ఆ ఊరి పాలు ఉదయము ఆరుగంటలకు కేంద్రమునకు వచ్చినవి. క్యానులు పదిగంటలవరకు లారీకొరకు రోడ్డుపక్క చెట్టుక్రింద వేచియున్నవి. ఒక క్యాను అడుగున నిన్నటి పాల జిడ్డు కూడ నున్నచో, అది తోడుచుక్క వేసినట్లే.

ఇంతకును, ఆ నాలుగు గంటలు ఎవరి పటములోనివి? పాలకేంద్రమువారి పని పాలు కొలిచి క్యానులో పోయుటతో ముగిసినది. లారీవాని పని క్యాను ఎత్తుటతో మొదలైనది. డెయిరీ తన పటమును కర్మాగారపు గేటువద్ద మొదలుపెట్టినది. నాలుగు గంటలు ఎవరి పటములోను లేవు. తమ తమ పనిలో అందరును నిజమే చెప్పిరి. తప్పు రెండు పనుల నడుమ ఖాళీలో జరిగినది. అందుకే అనుభవజ్ఞులు పటము నింపుటకు ముందు, పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో రెండు వాక్యములలో వ్రాసి పైన పెట్టుదురు. హద్దును గేటునుండి పొదుగువరకు జరిపినచో, దిద్దుబాటు దానంతట అదే కనబడును: చల్లబరచు మెట్టు డెయిరీలో కాదు, పల్లెలోనే ఉండవలెను. దేశములో చాల గ్రామములలో పాలకేంద్రమువద్దనే పాలను 4 డిగ్రీలకు దింపు పెద్ద శీతలతొట్లను అమర్చుట ఈ కారణముచేతనే.

పటము చెప్పనివి, బడిలో చేయదగినవి

ఈ పటమును సర్వరోగ నివారిణిగా ఎంచరాదు. అందులో కాలము కనబడదు. చెట్టుక్రింది నాలుగు గంటలను విచారించి తెలిసికొనవలసినదే గాని, గళ్ళు వాటంతట అవి చెప్పవు. ఒక మెట్టునుండి వెనుకకు పోవు దారులు, 'ఇట్లయినచో ఇది, అట్లయినచో అది' అను శాఖలు ఇందులో ఇమడవు. వాటికి గిల్‌బ్రెత్ దంపతుల నాటినుండి వచ్చుచున్న వివరమైన ప్రక్రియా పటములు వేరుగా నున్నవి. ఒక్కరే గదిలో కూర్చుండి నింపిన పటము, గీసినవాని ఊహ మాత్రమే. పాలకేంద్రమువాడు, డ్రైవరు, బూతు యజమాని ఒక బల్లచుట్టు కూర్చుండి నింపవలెను. తరచుగా మొదటి గంటలోనే, వచ్చినవారిలో ఒకరికి 'మంచి పాలు' అన్నచో ఏమని మరియొకరు ఎన్నడును చెప్పలేదని బయటపడును.

ఉన్నత పాఠశాలలో దీనికి తగిన పాఠము ఎదుటనే యున్నది. మధ్యాహ్న భోజనమునకు ఐదు వరుసల పటము గీయుమని తొమ్మిదవ తరగతి విద్యార్థులను అడుగవచ్చును. బియ్యము, పప్పు, గ్రుడ్లు, కట్టెలు లేక గ్యాసు, నీరు, ఆ పూట హాజరు లెక్క లోనికి వచ్చును. హాజరు లెక్క ఎవరు, ఎన్ని గంటలకు వంటవారికి ఇచ్చుచున్నారన్న ప్రశ్నకు తరగతిలో సమాధానము దొరకకపోవచ్చును. వంటగదికి పోయి అడిగి రావలెను. భోజనమునకు డబ్బిచ్చునది ప్రభుత్వము, తినునది పిల్లలు. నివేదిక కోరువారికి ఒకటి కావలెను, కంచము పట్టుకొన్నవారికి మరియొకటి. ఇద్దరిని ఐదవ వరుసలో వేరువేరుగా వ్రాయవలెను. మిగిలిన అన్నము ఎక్కడికి పోవుచున్నదో నాలుగవ వరుసలో వ్రాయక తప్పదు.

పాల సంగతిని ప్రయోగశాలలో కన్నులార చూడవచ్చును. ఉదయము పితికిన పచ్చిపాలను రెండు శుభ్రమైన గాజుసీసాలలో సమముగా పోసి, మూతపెట్టవలెను. ఒకదానిని మంచుముక్కలు వేసిన నీటిలోను, రెండవదానిని బల్లమీదను ఉంచవలెను. గంటకొకసారి ఒక్కొక్క సీసానుండి 5 మిల్లీలీటర్ల పాలను పరీక్షనాళికలోనికి తీసి, మరుగుచున్న నీటిలో 5 నిమిషములు నిలిపి, నాళికను వంచి గోడలను పరిశీలించవలెను. గాజుకు సన్నని తెల్లని రేణువులు అంటినచో ఆ పాలు విరుగుటకు సిద్ధమైనట్లు. డెయిరీ గేటువద్ద ట్యాంకరు పాలకు చేయు పరీక్షలలో ఇది యొకటి. ఈ పాలను ఎవరును త్రాగరాదు. గది ఉష్ణోగ్రతను, విరిగిన గంటను పుస్తకములో వ్రాసికొని, ఇదే ప్రయోగమును ఒకసారి డిసెంబరులోను, మరియొకసారి ఏప్రిలులోను చేయించినచో, రెండు అంకెలకు నడుమగల తేడా పిల్లలే చెప్పుదురు.